బోరామణి దాటని కారు

ఆ సోమవారం పొద్దున గ్యారేజీలో ఉన్నవాళ్లు, ఉన్నవి ఇవి. పాలమీగడ రంగు పాత డీజిల్ కారు ఒకటి. దాని యజమాని అంబాదాస్ కాకా. దాజీ పేట్‌లో నాలుగు పవర్‌లూమ్‌ల కార్ఖానా ఆయనది, టవాళ్లు నేయిస్తాడు. ఆయన తల్లి నర్సవ్వ, ఒళ్లో బీడీల చాట. ఎక్కడ కూర్చున్నా ఆమె వేళ్లు ఆకు చుట్టడం ఆపవు. ఆయన భార్య రుక్మిణి. స్టూలు మీద చాయ్ గ్లాసుతో మా ఉస్తాద్. ఇరవై మూడేళ్ల నేను, చేతిలో గీతల నోటుబుక్కు, జేబులో డిప్లొమా సర్టిఫికెట్టు నకలు. కారు డిక్కీలో పెళ్లికి పెట్టే చీరల మూట ఒకటి, సకినాల డబ్బాలు రెండు, చిలకపచ్చ టవాళ్ల కట్ట ఒకటి. డ్యాష్‌బోర్డు మీద చిన్న ఎర్ర దీపం ఒకటి.

ఆ సమయంలో అది వెలగడం లేదు. మా బాధంతా అదే.

నేను ముప్పై నాలుగేళ్లు బళ్లు బాగుచేశాను. ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో, ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారో ఇక్కడ రాయను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు అవి పనికిరావు. ఎనభైల చివర్లో సోలాపూర్‌లో నేను కొత్తగా పనిలో చేరినప్పటి ఈ ఒక్క కారు గురించి రాస్తాను. ఆ నాలుగు రోజుల్లో నేను చేసినన్ని తప్పులు తర్వాత ఏ నాలుగేళ్లలోనూ చేయలేదు. ఆ నాలుగు రోజుల్లో నవ్వినంత కూడా మళ్లీ నవ్వలేదు.

దీపం, లగ్గం

ఇప్పటి పిల్లలు బండికి యంత్రం తగిలించి, తెర మీద వచ్చిన అంకె చూసి రోగం పేరు చెబుతారు. మాకు అవి లేవు. ఆ కారులో ఉన్నది ఆయిల్ ప్రెషర్ దీపం. తాళం తిప్పగానే వెలుగుతుంది, ఇంజను అందుకోగానే ఆరిపోతుంది. బండి నడుస్తుండగా వెలిగిందంటే, లోపల తిరిగే భాగాలకు నూనె సరిగా అందడం లేదని అర్థం. చూడనట్టు నడుపుకుంటూ పోతే బేరింగులు కాలి ఇంజను బిగుసుకుపోతుంది. అందుకే అది ఎర్రగా ఉంటుంది.

ఆదివారం ఈ కుటుంబం హైదరాబాద్ రోడ్డు మీద బయలుదేరింది. ఇరవై ఒక్క కిలోమీటర్లు పోయి బోరామణి చేరేసరికి దీపం వెలిగింది. అంబాదాస్ కాకా భయపడి బండి ఆపి, కాసేపాగి మళ్లీ చాలూ చేస్తే దీపం లేదు. వెనక్కి తిప్పుకుని మెల్లగా ఇంటికొచ్చాడు. దారి పొడుగునా అది మళ్లీ వెలగలేదు.

వాళ్లు పోవాల్సింది సిరిసిల్ల పక్కన ఒక ఊరికి. అక్కడ నర్సవ్వ చెల్లెలు లచ్చవ్వ ఉంటుంది. లచ్చవ్వ మనవరాలి పెళ్లి శుక్రవారం.

"బస్సులో పోవచ్చు కదా అవ్వా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

నర్సవ్వ చేతిలోని బీడీ మూతి మడిచి, చాటలో పెట్టి, అప్పుడు నా వైపు చూసింది. "నా లగ్గమై సోలాపూర్ వచ్చేనాడు నా చెల్లె ఏమన్నదో ఎర్కనా? నీ మొగడు మగ్గం నేస్తడు, నువ్వు బీడీలు చుడ్తవు, ఇద్దరు కార్ల తిరుగుతరు తియ్యి, అన్నది. అందరి ముంగట అన్నది. అందరు నవ్విన్రు. గిప్పుడు కార్ల వస్తున్న అని నేను కార్డు రాయించిన. బస్సు దిగి సంచి నెత్తిన పెట్టుకొని పోతే నా మొకం యాడ పెట్టుకోవాలె?"

"అమ్మా, గది చిన్నప్పటి మాట. ఆమె ఎన్నడో మరిచిపోయింది," అన్నాడు అంబాదాస్ కాకా.

"నేను మరువలె. నువ్వు బస్సుల పో. కారైతేనే నేనొస్త. లేకుంటే లగ్గం లేదు, గిగ్గం లేదు."

"అవ్వ పక్కా మాట చెప్పింది," అన్నాడు ఉస్తాద్. నాకు ఆయన పెట్టిన పేరు డిప్లొమా. "అరే డిప్లొమా, ఆ బల్బు పీకెయ్. దీపం ఉండది, డర్ ఉండది. అందరు ఖుష్."

ఉస్తాద్ గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఆయన చెవి అద్భుతం. వీధి మలుపులో ఇంజను చప్పుడు విని ఏ వాల్వు వదులైందో చెప్పేవాడు. కానీ ఎదుటివాళ్ల మొహం చిన్నబోతే చూడలేకపోయేవాడు. ఆ బలహీనత వల్ల బాగు కాని బండిని కూడా బాగైందని పంపేవాడు. మన పనిలో ఇది పెద్ద ప్రమాదం. ఆయన దగ్గర చెవి నేర్చుకున్నాను, ఇది నేర్చుకోలేదు. బల్బు మాత్రం ఎప్పుడూ పీకకండి.

నేను పీకను అన్నాను. నోటుబుక్కు తెరిచి పద్నాలుగు ప్రశ్నలు రాసుకున్నాను.

పద్నాలుగు ప్రశ్నలు

కొలిచే కడ్డీ మీద ఆయిల్ మట్టం సరిగా ఉందా? ఉంది. కింద కారుతోందా? లేదు. పొగ ఏ రంగు? మామూలే. వైరు ఎక్కడైనా బాడీకి తగులుతోందా? లేదు. ఇలా పద్నాలుగూ అడిగి, టిక్కులు పెట్టి, దీపానికి కబురు పంపే స్విచ్చి పాడైందని తేల్చాను. ఇంజను పక్కన ఉండే చిన్న స్విచ్చి అది. మార్చడం పది నిమిషాల పని. ఎందుకైనా మంచిదని ఆయిల్ కూడా మార్చమన్నాను.

అంబాదాస్ కాకా నా చేతిలోని డబ్బా తీసుకున్నాడు. "నా గాడీకి నూనె నేనే పోస్త. నువ్వు జెర పక్కకు జరుగు." డిక్కీలోంచి కొత్త టవాలు ఒకటి తీసి, కత్తెరతో చదరంగా ఒక ముక్క కోసి, గరాటు మీద పరిచి, దాని మీదుగా నూనెను సన్నటి ధారగా వడగట్టి పోశాడు. చుక్క కింద పడలేదు. ఎంత ముచ్చటేసిందంటే, నోటుబుక్కులో పదిహేనో పంక్తిగా ఇలా రాసుకున్నాను: యజమాని శుభ్రత, చాలా మంచిది.

సాయంత్రం కాకా, నేను హైదరాబాద్ రోడ్డెక్కాం. పదిహేడో కిలోమీటరు దగ్గర దీపం వెలిగింది.

మంగళవారం నా దగ్గర కొత్త సిద్ధాంతం ఉంది. నడిచే కొద్దీ వేడెక్కి నూనె పలుచబడుతోంది, అందుకే ప్రెషర్ పడుతోంది. అయితే చిక్కటి నూనె పోయాలి. మళ్లీ పాతది దింపాం. మళ్లీ ఆయన టవాలు ముక్క కోశాడు, వడగట్టాడు. ఊళ్లో అయిదు కిలోమీటర్లు తిప్పి చూశాను. దీపం లేదు. ఇంక చూడనక్కర్లేదనుకున్నాను. ఇరవై మూడేళ్ల వయసులో ఆ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఎర్ర కన్ను మూసుకున్నదా? మూసుకోకుంటె నేను ఎక్క," అంది నర్సవ్వ.

"మూసుకుంది అవ్వా. ఇంక తెరవదు. నాది గ్యారంటీ."

వాళ్ల ఇల్లు మా గ్యారేజీ ఉన్న వీధిలోనే. వీధంతా వచ్చి సాగనంపింది. పక్కింటి బీడీల ఆడవాళ్లు చాటలు దించి మరీ చేతులూపారు. నేను లోపలికొచ్చి, నోటుబుక్కులో ఆ పేజీ కింద రెండు గీతలు గీసి, చాయ్ తెప్పించుకున్నాను. చాయ్ చల్లారకముందే అని రాయాలని ఉంది కానీ నిజం రాయాలి. చాయ్ తాగి, ఇంకో బండి చక్రం విప్పి బిగించాక, పాలమీగడ రంగు కారు గేటులోంచి లోపలికొచ్చింది.

"పన్నెండు," అన్నాడు అంబాదాస్ కాకా కిటికీలోంచి. కిలోమీటర్లు చూసి చెప్పమన్నది నేనే.

తల వంచి డ్యాష్‌బోర్డు చూశాను. దీపం మీద గుండ్రటి మెరూన్ టిక్లీ అంటించి ఉంది. ఆడవాళ్లు నుదుట పెట్టుకునే బొట్టుబిళ్ల. అది దీపం కంటే కొంచెం చిన్నది కావడంతో, వెలిగినప్పుడు చుట్టూ ఎర్రటి అంచు కనిపించి ఉంటుంది.

"నేనే పెట్టిన," అంది రుక్మిణి, నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "అత్తకు కనబడకుంటే ఊరు చేరుతమనుకున్న."

"దీపానికి బొట్టు వెట్టింది నా కోడలు!" నర్సవ్వ వెనక సీట్లోంచే అరిచింది. "ముత్తయిదువ అయింది ఇగ! ఒడిబియ్యం కూడ పోయ్యండ్రి దానికి!"

ఉస్తాద్ స్టూలు మీంచి జారి కింద కూర్చుని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. కానీ చేతిలో ఇంక బుధవారం ఒక్కటే. గురువారం తెల్లవారి బయలుదేరకపోతే నర్సవ్వ చెల్లెలింటి గడప తొక్కదు. ఆమె నవ్వుతూనే చీరల మూట తన ఒళ్లోకి తీసుకుని, దాని ముడి విప్పి, మళ్లీ బిగించింది. రెండుసార్లు అలా చేసింది. అది నేను చూశాను.

సూది నర్సవ్వ చేతిలో

దీపానికి తెలిసినవి రెండే మాటలు: ఉంది, లేదు. ఎంత ఉంది, ఎప్పుడు పడింది, ఒక్కసారిగా పడిందా మెల్లగా పడిందా, అవేవీ అది చెప్పదు. మొదటి రోజే చేయాల్సిన పని మూడో రోజు చేశాను. బుధవారం పొద్దున ఆ స్విచ్చి తీసేసి, దాని చోట రాగి గొట్టం బిగించి, గొట్టం రెండో కొనకు ప్రెషర్ చూపే గేజీ తగిలించి, కిటికీలోంచి కారు లోపలికి తెచ్చాను. దీపానికి వేరే స్విచ్చి పక్కనే కలిపాను. బండి కాకా నడపాలి, కిలోమీటర్లు నేను రాయాలి. గేజీ ఎవరు పట్టుకోవాలి?

"ఇటు తే," అంది నర్సవ్వ.

"అవ్వా, దీపం ఆరితే తప్ప ఎక్కనన్నావు కదా!"

"ఊరికి పోనీకి ఎక్క అన్న. ఇది ఊరికా? అక్షరాలు రావు గని అంకెలు నాకు నీకంటె మంచిగొస్తయ్. దినాం వెయ్యి బీడీలు లెక్కవెడ్త."

చాట ఇంట్లో పెట్టి వచ్చింది. ఆమె చేతుల్లో బీడీ లేకపోవడం నేను చూసింది అదే మొదటిసారి. ముందు సీట్లో కూర్చుని, రెండు చేతులతో గేజీని పసిపిల్లను పట్టినట్టు పట్టింది.

"నలభై అయిదు," అని మొదలుపెట్టింది. పౌండ్లలో అది మంచి అంకె. "నలభై అయిదు. నలభై అయిదు. జెర కదిలింది. నలభై రెండు. ఓ అంబాదాసూ, గుంతలల్ల తోలకు, సూది ఎగుర్తున్నది. నలభై."

తొమ్మిదో కిలోమీటరు దాటాక ఆమె గొంతు మారింది. "ముప్పై అయిదు. ముప్పై. ఓయమ్మో, కట్టకొచ్చింది!" బీడీ కట్టకు ఇరవై అయిదు. "కట్ట తెగింది! ఇరవై! పదిహేను! పది!"

దీపం వెలిగింది. బండి ఆపి ఇంజను బంద్ చేశాం. పది నిమిషాలు రోడ్డు పక్కన నిలబడ్డాం. బానెట్ మీద చేయి పెడితే కాలుతోంది. మళ్లీ చాలూ చేశాడు.

"నలభై అయిదు!" అని అరిచింది నర్సవ్వ. "నిండు కట్ట, మీద ఇరవై!"

రోడ్డు మీదే గంతేశాను. అంబాదాస్ కాకాకు నేనెందుకు గంతేస్తున్నానో అర్థం కాలేదు. మీకు చెబుతాను. బేరింగులు అరిగి ఉంటే, నూనె పలుచబడి ఉంటే, పది నిమిషాల్లో ఏమీ మారదు. ఇంజను ఇంకా కాలుతోంది, నూనె ఇంకా పలుచగానే ఉంది, అరిగింది తిరిగి పెరగదు. అయినా ప్రెషర్ పూర్తిగా వచ్చింది. అంటే లోపల ఏదో నడుస్తున్నంతసేపు నూనె దారికి అడ్డం చేరుతోంది, ఆగగానే జారి కింద పడుతోంది. నూనెను పైకి పీల్చే చోట, చాంబర్ అడుగున, ఒక ఇనుప జాలీ ఉంటుంది. అడ్డం అక్కడే చేరాలి.

"కాకా, నీ ఇంజను బాగుంది!" అన్నాను. "మూతి మూసుకుపోతోంది, అంతే!"

"నీ మూతి గూడ జెర మూసి బండెక్కు," అంది నర్సవ్వ. "ఎండ కొడ్తున్నది."

మన మాలే

మధ్యాహ్నానికి చాంబర్ దింపాం. నూనె నిలిచే తొట్టిలాంటి భాగం అది. జాలీ కనిపించలేదు. జాలీ ఉండాల్సిన చోట నల్లటి మెత్తటి ముద్ద ఒకటి జొన్నరొట్టె మందాన సగం ఊడి వేలాడుతూ ఉంది.

"యా అల్లా," అన్నాడు ఉస్తాద్. "ఇది ఇంజనా, పరుపు దుకాణమా?"

చేతులు తుడుచుకునే నూలు చెత్త గ్యారేజీలో వాడతాం. అది పడిందేమో, తప్పు మాదేనేమో అని ఉస్తాద్ మొహం పాలిపోయింది. ఆ ముద్దను కిరోసిన్‌లో వేసి కడిగాను. నలుపు దిగింది. లోపలి నుంచి చిలకపచ్చ రంగు బయటికొచ్చింది.

అంబాదాస్ కాకా వంగి ఒక పోగు తీశాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నలిపాడు. పురి విప్పి చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"అరే, ఇది మన మాలే! రెండో నంబర్ లూమ్‌ది! సూడు ఉస్తాద్, రంగు సూడు! ఇంజన్ల ఉడికింది, నూనెల నానింది, జెర గూడ పోయిందా? గందుకే అంట, అంబాదాస్ టవాల్ అంటె..."

ఆయన తనంతట తానే ఆగాడు. చేతిలోని పోగు వైపు చూశాడు, గరాటు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"వడగట్టిన ముక్క..." అన్నాడు.

"నేనేం జెప్పిన!" నర్సవ్వ చాట పక్కన పెట్టి లేచింది. "మూడేండ్ల సంది నేను చినిగిన టవాల్‌తోటి తుడుసుకుంటున్న. గాడీకేమో లూమ్ మీదికెళ్లి దిగిన కొత్త టవాల్! మొత్తం తిన్నది సూడు అది!"

"అమ్మా, గంజి వడగట్టకుంట పడుగుకు ఎన్నడన్న పెట్టినమా? ముద్ద పోతె పోగు తెగదా? తాత నేర్పింది గాదా? నూనె గూడ గట్లనే అనుకున్న!"

ఆయన చెప్పింది ఆ పేటలో ఎవరైనా ఒప్పుకునే మాట. మగ్గం మీదికి పోయే నిలువు పోగులకు గంజి పట్టించే ముందు దాన్ని గుడ్డలో వడగడతారు. కొత్త గుడ్డ అయితే ఇంకా మర్యాద. గంజిలో పడిన నూగు పోగుల మీద కనిపించదు. కానీ అంచు కుట్టని కొత్త టవాలు ముక్కను కత్తెరతో కోస్తే, నాలుగు వైపులా పోగులు రాలతాయి. అవి నూనెతో పాటు ఇంజనులోకి పోతాయి. కారు కొన్నప్పటి నుంచి ఆయన నూనె పోసిన ప్రతిసారీ ఇదే చేశాడు. అంత శ్రద్ధగా బండి చూసుకునే యజమానిని నేను తర్వాత కూడా చూడలేదు.

ఇప్పుడు నా వంతు. నోటుబుక్కు తెరిచి చూసుకున్నాను. ఆదివారం ఇరవై ఒకటి. సోమవారం పదిహేడు. మంగళవారం పన్నెండు. పక్కన నా చేతిరాతలో: ఇంజను రోజురోజుకూ బలహీనపడుతోంది. ఇంజను బలహీనపడలేదు. ఆ రెండు రోజుల్లోనూ ఆయిల్ మార్పించింది నేను. మార్చిన ప్రతిసారీ లోపలికి ఇంకొంత టవాలు పోయింది. నేను చేసిన వైద్యమే రోగాన్ని పెంచింది. అంకెలు ఆ సంగతి చెబుతూనే ఉన్నాయి, చదవాల్సిన నేను వేరేలా చదివాను. అది జరిగింది కూడా నా కళ్లముందే. చూసి మెచ్చుకుని రాసుకున్నాను.

కొత్తగా వస్తున్న పిల్లలకు నేను చెప్పగలిగింది ఇది. బాగుచేసిన తర్వాత రోగం ముదిరితే బండిని అనుమానించకండి, ముందు మీరు ఏం చేశారో చూడండి. ఇంకోటి, బండి యజమాని మంచివాడు కావచ్చు, శుభ్రమైనవాడు కావచ్చు, అయినా అతని చేతులు ఏం చేస్తున్నాయో చూడాలి. మెచ్చుకోవడం వేరు, చూడడం వేరు. నేను ఆ రెంటినీ ఒకటే అనుకున్నాను.

నేను ఇవన్నీ పైకే చెప్పాను. ఉస్తాద్ నా వీపు మీద ఒక్కటి వేశాడు. "డిప్లొమా, ఇయ్యాల పాసైనవ్," అన్నాడు.

జాలీ కడిగాం. చాంబర్ కడిగాం. పలుచటి నూనె పోసి తిప్పి, దింపి, మళ్లీ కడిగాం. కొత్త నూనె డబ్బాలోంచి నేరుగా పోస్తుంటే అంబాదాస్ కాకా మొహం పక్కకు తిప్పుకున్నాడు. "వడగట్టకుంటనే పోస్తున్నవా? వద్దు, నేను సూడలేను. అయినంక పిలువు."

ఎండ తగ్గకముందే హైదరాబాద్ రోడ్డెక్కాం. గేజీ నర్సవ్వ దగ్గరే. పన్నెండు దాటాం, నలభై అయిదు. పదిహేడు దాటాం, నలభై అయిదు. బోరామణి వచ్చింది, వెళ్లిపోయింది, ఇంకో ఇరవై కిలోమీటర్లు పోయి తిరిగాం. నర్సవ్వ అంకెలు చదవడం మానేసి పెళ్లిపాట ఎత్తుకుంది. వెనక సీట్లోంచి కోడలు అందుకుంది. కాకా తాళానికి హారన్ కొట్టాడు.

లచ్చవ్వ గడప

గురువారం తెల్లారగానే బయలుదేరాం. నేనూ వెళ్లాను. "ఇంజినీరు రాకుంటె నేను ఎక్క," అంది నర్సవ్వ. ఆ మాటకు నాకు కలిగిన సంతోషం డిప్లొమా వచ్చిన రోజు కలగలేదు.

సాయంత్రం నాలుగింటికి ఊరు చేరాం. నర్సవ్వ కారును లచ్చవ్వ పందిరి స్తంభాన్ని ఆనుకునేంత దగ్గరగా ఆపించింది. ఆపాక కూడా దిగలేదు. జనం చేరేదాకా సీట్లోనే కూర్చుంది. లోపలి నుంచి లచ్చవ్వ వచ్చింది. పొట్టిగా, గుండ్రంగా, అచ్చం అక్కలాగే ఉంది. కారు చుట్టూ ఒకసారి నడిచింది. అద్దంలో మొహం చూసుకుంది.

"గిది నీదేనా, కిరాయిదా?" అంది.

"ఎక్కి కూసో," అంది నర్సవ్వ. "నీ దగ్గర కిరాయి తీసుకోనులే."

లచ్చవ్వ కొంగు నడుముకు దోపుకుని, ఎక్కి అక్క పక్కన కూర్చుంది. సీటును అరచేత్తో రెండుసార్లు నొక్కి చూసింది. ఇద్దరూ ముందుకు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి లచ్చవ్వ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. నర్సవ్వ కూడా నవ్వుతోంది. ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

"నడువు అంబాదాసూ," అంది లచ్చవ్వ. "ఊరంత తిప్పు నన్ను. ఆ దొడ్డికాడి రాజవ్వ ఇంటి ముంగట జెర ఆపు. అది సూడాలె."

కారు కదిలింది. ఒక చుట్టు తిరిగి రాగానే పెళ్లికూతురు ఎక్కింది, తర్వాత పెళ్లికూతురి స్నేహితులు, మేనమామలు, పందిరి వేసేవాళ్లు, వంటవాళ్లు. లచ్చవ్వ ఏ చుట్టులోనూ దిగలేదు. వెలుతురు ఉన్నంతసేపు తిరుగుతూనే ఉన్నాం. ఎవరు ఎక్కారో, ఎవరు దిగారో నేను నోటుబుక్కులో గీతలు పెడుతూ కూర్చున్నాను. పదకొండు చుట్లు. అరవై నాలుగు మంది.